ఆంగ్లమున క్రమవృద్ధిని తెలుపు పలుకుబళ్లు

ఒక వస్తువు ఒక్కపెట్టున పెరిగినచో ఆ సంగతి చెప్పుటకు ఏ భాషకును శ్రమ లేదు. 'పెరిగెను' అను క్రియతో పని తీరిపోవును. కాని ఎప్పుడు మొదలైనదో, ఏ క్షణమున ఎంత హెచ్చినదో వేలుపెట్టి చూపుటకు వీలులేకుండ, నిన్నటికంటె నేడును, నేటికంటె రేపును అధికమగుచు సాగిపోవు వృద్ధిని చెప్పవలసివచ్చినప్పుడు భాష తన సామగ్రినెల్ల వెలికి తీయవలసియుండును. ఆంగ్లభాష యీ ప్రయోజనమునకై కూడబెట్టుకొన్న సామగ్రి మిక్కిలి విస్తారమైనది. 'మోర్ అండ్ మోర్', 'ఇంక్రీజింగ్లీ', 'లిటిల్ బై లిటిల్', 'బై డిగ్రీస్', 'స్టెప్ బై స్టెప్', 'ద మోర్ ద మెరియర్' అను తెగలు కొన్ని. క్రీప్, మౌంట్, ఎస్కలేట్ మొదలగు క్రియలు కొన్ని. మన విద్యార్థులు వీనినన్నిటిని ఏకార్థకములుగా నేర్చుకొందురు. నిఘంటువులును 'క్రమముగా', 'అంతకంతకు' అను రెండు మాటలతో వీనికన్నిటికిని ఉత్తరము చెప్పి ఊరకుండుట కలదు. నిదానించి చూచినచో వీనిలో ప్రతిదియు పెరుగుదలను వేఱువేఱు కొలబద్దలతో కొలుచుచున్నదని తెలియును. ఒకటి నేటి స్థితిని నిన్నటి స్థితితో పోల్చును. ఒకటి మెట్లు లెక్కించును. ఒకటి పాళ్లను, ఒకటి దినములను లెక్కించును. మఱియొకటి ప్రక్కనున్న వేఱొక వస్తువుతో ముడిపెట్టి కొలుచును. ఎంత వేగముగా, ఎంతవరకు అను ప్రశ్నలకు మాత్రము వీనిలో ఏదియు తనంతట తాను బదులీయదు. ఆ మౌనమును ఎవరెవరు ఏయే పనులకు వాడుకొనిరో చూచినగాని యీ పలుకుబళ్ల చరిత్ర పూర్తిగా తెలియదు.

అన్నిటికంటె సామాన్యమైన పద్ధతి తరబర్థక రూపమును రెట్టించి నడుమ 'అండ్' అను సముచ్చయమును నిలుపుట. 'బిగ్గర్ అండ్ బిగ్గర్', 'కోల్డర్ అండ్ కోల్డర్' అనునవి యిట్టివి. ఈ నిర్మాణము నిన్న మొన్నటిది కాదు. వేయి సంవత్సరములనాటి ప్రాచీనాంగ్లమున 'స్వీథోర్ అండ్ స్వీథోర్' అను ప్రయోగము మిక్కిలి పరిచితమైనది, దాని యర్థము 'ఇంకను తీవ్రముగా, ఇంకను తీవ్రముగా' అని. పొట్టి విశేషణములకు 'అర్' ప్రత్యయమును, పొడవైన వానికి ముందు 'మోర్ అండ్ మోర్' అను జంటపదమును వాడవలెననునది నేటి నియమము. కావుననే 'మోర్ అండ్ మోర్ బ్యూటిఫుల్' సాధువు, 'మోర్ అండ్ మోర్ బిగ్గర్' అసాధువు. లూయీ కారల్ 1865లో ప్రకటించిన ఆలిస్ కథలో ఆ బాలిక ఆశ్చర్యాతిశయమున 'క్యూరియస్' అను పొడవైన విశేషణమునకు 'అర్' ప్రత్యయమునే తగిలించి, పైగా దానిని రెట్టించును. ఆ తొట్రుపాటులో ఆమె మంచి ఆంగ్లమును మఱచెనని గ్రంథకర్త వెంటనే పరిహసించును. ఆ మాట పలుకు సమయమున ఆ పిల్ల శరీరము చూచుచుండగనే పొడుగుగా సాగిపోవుచుండుటను గమనింపవలెను: పెరుగుదలను చెప్పు పలుకుబడియు నియమమును దాటి పెరిగినది. ఆ తప్పు నేడు ఆంగ్లేయుల నోట నానుడియై స్థిరపడినది. వ్యాకరణమునకు ఇంతకంటె చమత్కారమైన ఓటమి అరుదు.

ఈ జంట తరబర్థకమునకు తోడుగ నిలుచు క్రియలను కూడ ఆంగ్లము ఏరుకొన్నది. గెట్, గ్రో, బికమ్ అను పరిణామార్థక క్రియలు దీనికి సహజ సహచరములు; అవియును తరచుగా జరుగుచున్న కార్యమును తెలుపు 'ఇంగ్' రూపముననే కనబడును. ఇక్కడ మన విద్యార్థులకు ఆసక్తి కలిగింపదగిన సూక్ష్మమొకటి యున్నది. స్థితిని తెలుపు క్రియలకు, అనగా నో, రిజెంబుల్, లైక్ మొదలగు వానికి, 'ఇంగ్' రూపమును వాడరాదని ఉపాధ్యాయులు పదేపదే హెచ్చరించుదురు. 'ఐ యామ్ నోయింగ్' అనుట భారతీయుల ఆంగ్లమునకు గుర్తుగా పరిహాసపాత్రమైనది. అట్టి నిషేధము క్రమవృద్ధి సన్నిధిని సడలిపోవును. ఒకడు తన తండ్రిని పోలియున్నాడనుటకు 'ఇంగ్' పనికిరాదు గాని, ఏండ్లు గడచినకొద్దీ తండ్రి పోలిక ముదురుచున్నదని చెప్పవలసినచో 'హీ ఈజ్ రిజెంబ్లింగ్ హిజ్ ఫాదర్ మోర్ అండ్ మోర్' అను వాక్యము నిర్దుష్టము. వ్యాకరణకర్తలు తరచు చూపు ఉదాహరణమిది. పోలికయను స్థితి, వృద్ధి తోడయ్యెనో లేదో, కాలములో కదలు కార్యముగా మాఱిపోయినది. స్థితిని కదలికగా మార్చు శక్తి యీ రెండు చిన్న మాటలకుండుట ఆంగ్ల వ్యాకరణములోని రమ్యస్థలములలో ఒకటి యని నా అభిప్రాయము.

'మోర్ అండ్ మోర్' నామమునకు ముందు నిలిచినప్పుడు అర్థము మాఱును. 'మోర్ అండ్ మోర్ పీపుల్ ఆర్ రీడింగ్' అనగా చదువరుల సంఖ్య పెరుగుచున్నదని. 'పీపుల్ ఆర్ రీడింగ్ మోర్ అండ్ మోర్' అనగా ఆ చదువరులే ఎక్కువగా చదువుచున్నారని. మొదటిది తలలను లెక్కించినది, రెండవది పుటలను లెక్కించినది. తెలుగు పత్రికలలో ఆంగ్ల వార్తలను తర్జుమా చేయువారు ఈ రెండింటిని 'ప్రజలు ఎక్కువగా చదువుతున్నారు' అని ఒకే మూసలో పోయుట తఱచు. 'రోజురోజుకు ఎక్కువమంది' అని యొక మాట చేర్చినచో చిక్కు తీరిపోవునుగదా. 'ఇంక్రీజింగ్లీ' అను పదము ఇదే పనిని కొంత గంభీర వేషముతో చేయును. అది విశేషణమునకు ముందు ఒక్కసారి నిలుచును, రెట్టింపునకు ఒప్పుకొనదు, సంభాషణలోకంటె సంపాదకీయములలోను నివేదికలలోను అధికముగా సంచరించును. దీనియందు నాకు కొంత అనుమానము కలదు. 'మోర్ అండ్ మోర్' అను పల్లె పలుకు కనీసము రెండు మెట్లను చెవికి వినిపించును. 'ఇంక్రీజింగ్లీ' అనునది ఏ పూర్వస్థితితోను పోల్చకయే పోల్చినట్లు నటింపగలదు. 'ఇంక్రీజింగ్లీ ఇంపార్టెంట్' అని వ్రాయు నివేదికకర్తను, ఎప్పటికంటె, ఎవరు కొలిచిరి అని అడిగినచో అతని వద్ద సమాధానముండుట అరుదు. 'ఇంక్రీజింగ్లీ మోర్' అని రెండింటిని జోడించువారున్నారు; వారిని గూర్చి ఎక్కువగా చెప్పుట అనవసరము.

ఒక వృద్ధిని మఱియొక వృద్ధితో ముడివేయు 'ద మోర్ ద మెరియర్' తెగకు వేఱొక వంశచరిత్ర కలదు. ఇందలి 'ద' మనమెఱిగిన ఉపపదము కాదు. ప్రాచీనాంగ్లమున నిర్దేశసర్వనామమునకు గల తృతీయావిభక్తి రూపమైన 'థీ' అనునది అరిగి అరిగి యీ రూపమును పొందినది. అర్థము 'ఎంతచేత, అంతచేత' అని. క్రీస్తుశకము 991లో జరిగిన మాల్డన్ యుద్ధమును వర్ణించు ప్రాచీన కావ్యములో వృద్ధయోధుడొకడు, బలము తఱిగినకొద్దీ ధైర్యము హెచ్చవలెనని తన వారిని ప్రోత్సహించు ఘట్టమున ఈ రూపమే వరుసగా మ్రోగును. అక్కడ ఒకటి తఱుగుట మఱియొకటి పెరుగుటకు కారణమగుచున్నది. ఈ నిర్మాణము అవరోహమును ఆరోహముతో కూడ బంధింపగలదు. సంస్కృతమున 'యథా యథా, తథా తథా' అనునది దీనికి అచ్చమైన జోడు. తెలుగున 'ఎంత, అంత' అనునదొకటి యున్నను, దానికంటె సొగసైనది 'కొద్దీ' అను ప్రత్యయప్రాయమైన మాట: 'త్రవ్వినకొద్దీ నీరు', 'చదివినకొద్దీ సందేహములు' అని రెండే పదములలో పరస్పరాధీన వృద్ధి యంతయు ఇమిడిపోవుచున్నది. ఆంగ్లమునకు రెండు ఉపవాక్యములు కావలసినచోట తెలుగునకు ఒక క్రియాజన్య విశేషణము చాలినది. అయినను ఆంగ్ల నిర్మాణమునకు ఒక కట్టుబాటు కలదు: ఏది కారణమో అది ముందు, ఏది ఫలమో అది వెనుక. వ్యాపార ప్రకటనలు వ్రాయువారు ఈ వరుసను తెలిసియే వాడుకొందురు. మీరెంత కొన్నచో అంత ఆదా యని చెప్పునప్పుడు, కొనుట కారణమై ఆదా ఫలమై కూర్చుండును, ఖర్చు కనుమఱుగగును.

ఇక పాళ్లను, మెట్లను లెక్కించు పలుకుబళ్లు. 'లిటిల్ బై లిటిల్', 'బిట్ బై బిట్', 'ఇంచ్ బై ఇంచ్', 'డే బై డే' అనువానిలో 'బై' అను విభక్త్యర్థకము రెండు సమాన భాగముల నడుమ వంతెనగా నిలుచును. వీనికి పూర్వము ప్రాచీనాంగ్లమున వేఱొక ప్రత్యయముండెను. 'మేలుమ్' అను ఆ ప్రత్యయమును చేర్చి 'చుక్కచుక్కగా', 'అడుగడుగుగా', 'ముక్కముక్కగా' అను అర్థములుగల క్రియావిశేషణములను వారు యథేచ్ఛగా కల్పించుకొనెడివారు. కాలక్రమమున ఆ వంశమంతయు నశించి 'పీస్‌మీల్' అను ఒక్క పదమే మిగిలినది. షేక్స్పియరు 'టెంపెస్ట్' నాటకములో కాలిబాను శపించునప్పుడు 'ఇంచ్‌మీల్' అను రూపమును ప్రయోగించెను గాని అదియు నేడు నిఘంటువుల పాలైనది. ఈ 'మీల్' అనునది కొలత, నియతకాలము అను అర్థములుగల ప్రాచీన పదము. నియతవేళకు తిను భోజనమునకును అదియే పేరైనది. మన సంస్కృతమందలి మానము, మాత్ర అనువానికి మూలమైన ధాతువునకును దానికిని దూరపు చుట్టరికము కలదని భాషాతత్త్వజ్ఞులు నిరూపించిరి. భోజనశాలల ముంగిట 'మీల్స్ రెడీ' యని వ్రేలాడు పలకలో క్రమవృద్ధివాచకమొకటి దాగియున్నదని ఆకలిగొన్నవానికి చెప్పి ప్రయోజనము లేదు.

మెట్లను లెక్కించు మాటలు లాటిను భాషనుండి వచ్చినవి. 'గ్రాడ్యుయల్', 'డిగ్రీ' అను రెండును 'గ్రాదుస్' అను పదమునుండి పుట్టినవి. దాని యర్థము అడుగు, మెట్టు. 'బై డిగ్రీస్' అనగా మెట్టు మెట్టుగా నని భావము. విశ్వవిద్యాలయమున పుచ్చుకొను డిగ్రీయు ఒక మెట్టే. 'ఇంక్రీజ్', 'ఇంక్రిమెంట్', 'అక్రూ', 'క్రెసెంట్' అనునవి 'పెరుగు' అను అర్థముగల 'క్రేస్కెరె' ధాతువు సంతతి. క్రెసెంట్ అనగా పెరుగుచున్న చంద్రరేఖ. వెన్నెల పెరుగుటకు స్వకీయమైన 'వ్యాక్స్' అను జెర్మానిక్ క్రియ ఆంగ్లమునకున్నది గాని, ఒకప్పుడు సర్వవిధములైన పెరుగుదలకును వాడబడిన ఆ పదము నేడు చంద్రకళలకును, కొన్ని జాతీయములకును పరిమితమైనది. దాని సింహాసనమును లాటిను పదములు మెల్లమెల్లగా ఆక్రమించినవి.

క్రియల సంగతి వచ్చినప్పుడు ఆంగ్లము చిత్రకారిణియగును. వాటాల ధరలు స్వల్పముగా పెరిగినచో 'ఇంచ్ అప్', 'ఎడ్జ్ అప్', తెలియకుండ పెరిగినచో 'క్రీప్ అప్', నిలకడగా పెరిగినచో 'క్లైమ్', ఉవ్వెత్తున లేచినచో 'సోర్' అని వార్తావిలేఖకులు శ్రేణీకరించుకొనిరి. తెలుగునకు ఇట్టి యేకపద క్రియల శ్రేణి తక్కువ. దాని స్థానమున సామెతలున్నవి. ఎవరికిని తెలియకుండ వ్యాపించుదానిని 'చాపక్రింది నీరు' అందుము. ఆంగ్లేయుని 'క్రీప్' అను క్రియకు ఇంతకంటె యోగ్యమైన సాటి దొరకదు. ఆంగ్లేయుడు మేకు సన్నని మొనను గూర్చి చెప్పుచోట మనము 'ఏకు మేకైనది' అందుము. చిన్న తగవు పెద్ద కలహమగుటకు 'చినికి చినికి గాలివాన అయినది' అందుము. దొర్లినకొద్దీ పెద్దదగు మంచుముద్దను గూర్చిన 'స్నోబాల్' అను క్రియను మంచు కురియని నాట తర్జుమా చేయవలసినవారు ఈ సామెతను వదలి 'మంచుబంతిలా' అని వ్రాయుట వింతగా నుండును. 'స్వెల్' అను క్రియను చూచినప్పుడెల్ల నాకు వాపును చూచి బలుపనుకొనుటను గూర్చిన మన హెచ్చరిక జ్ఞప్తికి వచ్చుచుండును.

'ఎస్కలేట్' అను క్రియ జన్మవృత్తాంతము విచిత్రమైనది. కదలు మెట్లకు 'ఎస్కలేటర్' అను వాణిజ్యనామమును చార్లెస్ సీబర్గర్ కల్పించెను. 1900 నాటి పారిసు ప్రదర్శనశాలలో ఓటిస్ సంస్థ ఆ యంత్రమును చూపెను. ఆ నామవాచకమునుండి వెనుకకు నడచి జనులు క్రియను పుట్టించుకొనిరి. 1950లో అమెరికా అధికారులు ఆ పదము సామాన్యమైపోయినదని తేల్చి సంస్థకుగల ముద్రాధికారమును రద్దుచేసిరి. ఆ తరువాతి దశాబ్దములలో, అణ్వాయుధ భయము ప్రబలిన ప్రచ్ఛన్నయుద్ధకాలమున, చిన్న యుద్ధము పెద్ద యుద్ధముగా మాఱు ప్రమాదమునకు అదియే పేరయ్యెను. మెట్టెక్కినవాడు నడువకున్నను మెట్టే వానిని పైకి మోసికొనిపోవును; యుద్ధమును గూర్చి ఇంతకంటె సరియైన రూపకము దొరకుట కష్టము. 'క్రెషెండో' అను సంగీతపదము మాత్రము పతనమైనది. ఇటాలియను భాషలో అది 'పెరుగుచు' అను అసమాపక రూపము; స్వరము మంద్రమునుండి ఉచ్చమునకు పోవు దారియంతటికిని అది పేరు. నేడు పలువురు దానిని దారి చివరి శిఖరముగా భావించి, ఒక రభస 'క్రెషెండోకు చేరినది' అని వ్రాయుచున్నారు. సంగీతవేత్తలు నొచ్చుకొన్నను, 1925లో స్కాట్ ఫిట్జెరాల్డ్ వంటి శిల్పి 'గ్రేట్ గాట్స్‌బీ' నవలలో అట్లే వాడెను. కావున దీనిని కేవల మజ్ఞానమని కొట్టివేయ వీలులేదు. అయినను పెరుగుటయను క్రియకు గల అరుదైన నామమును పోగొట్టుకొని, ఇదివరకే డజనున్న శిఖరవాచకములలో మఱియొకటి చేర్చుకొనుట లాభసాటి బేరము కాదని నా తలంపు.

తెలుగువాడు ఈ పలుకుబళ్లను నేర్చుకొనునప్పుడు తప్పటడుగు వేయుచోటు ఒకటి కలదు. అది మన భాషా స్వభావమునుండియే పుట్టినది. మన వ్యాకరణములో ద్విరుక్తికి పెద్దపీట. రెట్టింపబడిన పదములో రెండవదానికి ఆమ్రేడితమని పాణిని కాలమునుండి పేరు; చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమున ఆమ్రేడిత సంధికి ప్రత్యేక విధులే యున్నవి. కాని తెలుగున విశేషణమును రెట్టించినచో వృద్ధి స్ఫురింపదు. 'పెద్ద పెద్ద ఇండ్లు' అనగా ఒక్కొక్కటియు పెద్దదైన అనేక గృహములని యర్థము. 'పట్టపగలు', 'నట్టనడుమ' అనునవి అతిశయమును చెప్పును. ఈ యలవాటుతో మనవారు 'బిగ్ బిగ్ హౌసెస్', 'స్మాల్ స్మాల్ థింగ్స్' అందురు. బహుత్వమును తెలుపు మన ద్విరుక్తి ఆంగ్ల వేషము వేసికొన్నదని తెలియని శ్రోత విస్తుపోవును. ఆంగ్లమున వృద్ధిని తెచ్చునవి తరబర్థక ప్రత్యయమును, నడుమనున్న 'అండ్' అనునదియు. కేవలపు రెట్టింపు దానికి చాలదు. తెలుగునకు తరబర్థక ప్రత్యయమే లేదు, 'కంటె' అను మాటతో పోలిక చెప్పుకొందుము. కనుక వృద్ధిని చెప్పుటకు మనము పట్టిన త్రోవ వేఱు: 'అంతకంతకు', 'నానాటికి', 'ఏటికేడు', 'రానురాను', 'చూడగా చూడగా'. వీనిలో వస్తువును గాక కాలమును, లేదా చూచుటను రెట్టించితిమి. వస్తువు దానంతట అది పెరిగినట్లు తోచును. పోతన భాగవతమున వామనుడు త్రివిక్రముడగు పద్యమును కంఠస్థము చేసిన జాతికి ఈ సూక్ష్మము ఎవరును బోధింపనక్కరలేదు. బడులలో విద్యార్థులచే పాజిటివ్, కంపారటివ్, సూపర్లెటివ్ రూపములను ఒకదానినుండి మఱియొకదానికి వందలకొలది మార్పించుచుందురు. 'అంతకంతకు చలి హెచ్చుచున్నది' అనుదానిని ఆంగ్లమున చెప్పుమన్నచో వారిలో అనేకులు 'వెరీ కోల్డ్' వద్దనే ఆగిపోవుట అందువలననే.

గణితమునుండి అరువు తెచ్చుకొన్న మాటలు మఱియొక తలనొప్పి. వేగముగా పెరుగుదానినెల్ల 'ఎక్స్‌పొనెన్షియల్' అనుట నేటి ఆచారము. ఉన్నదానిలో ఇంత పాలు చొప్పున పెరుగుచు, పెరిగినదియు మూలములో చేరిపోవు వృద్ధికి అది పేరు. మన చక్రవడ్డీ అదియే. జనసంఖ్య ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అను వరుసనును, ఆహారము ఒకటి, రెండు, మూడు, నాలుగు అను వరుసనును పెరుగునని మాల్థస్ 1798లో వాదించినప్పుడు చూపిన భేదము ఇదియే. ఈ వృద్ధి మొదట మిక్కిలి మందకొడిగా నుండవచ్చును. ఏడవ వేతన సంఘము సిఫారసు ప్రకారము కేంద్ర ప్రభుత్వోద్యోగి మూలవేతనముపై ఏటేట లభించు ఇంక్రిమెంటు 3 శాతము. గణితశాస్త్రరీత్యా ఇది ఎక్స్‌పొనెన్షియల్ వృద్ధియే. ఆ లెక్కన జీతము రెట్టింపగుటకు ఇరువది మూడేండ్లు దాటవలెను. తన జీతము ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుచున్నదని ఏ గుమాస్తాతోనైన చెప్పి చూచినచో మాటకును లెక్కకును గల యెడము బోధపడును. పెరుగుటను, పెరుగు వేగమును వేఱుచేయకపోవుట ఇంకొక పొరపాటు. ద్రవ్యోల్బణము తగ్గెనన్న వార్త చదివి ధరలు తగ్గెనని భ్రమపడువారెందఱో. ధరలు పెరుగుచునే యున్నవి, పెరుగు వేగమే తగ్గినది. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ద్రవ్యోల్బణము పెరుగు వేగము తగ్గుచున్నదని ప్రకటించెననియు, పదవిలోనున్న అధ్యక్షుడు తిరిగి ఎన్నికగుటకై కలనగణితములోని మూడవ అవకలజమును ఆశ్రయించుట అదియే ప్రథమమనియు హ్యూగో రోసీ అను గణితజ్ఞుడు 1996లో చమత్కరించెను. ధర పెరుగుచున్నది, ఆ పెరుగుదల పెరుగుచున్నది, ఆ రెండవ పెరుగుదల మాత్రము తగ్గుచున్నదట. వినువారి చెవిలో చివరి మాట యొక్కటే నిలుచును.

రాజకీయమున ఈ పలుకుబళ్లు చేసిన పనిని గూర్చి విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయన మన దేశచరిత్రలో ఒక ఘట్టమంతయు వీనిమీదనే నడచినది. 1917 ఆగస్టు 20వ తేదీన భారత వ్యవహారముల కార్యదర్శి ఎడ్విన్ మాంటేగు కామన్స్ సభలో చేసిన ప్రకటన ఒకే వాక్యములో మూడు క్రమవృద్ధి వాచకములను పేర్చినది. పరిపాలనలో భారతీయుల భాగస్వామ్యము 'ఇంక్రీజింగ్'. స్వయంపాలనా సంస్థల వికాసము 'గ్రాడ్యుయల్'. బాధ్యతాయుత ప్రభుత్వ సిద్ధి 'ప్రోగ్రెసివ్'. చాలదన్నట్లు, ఈ పురోగతి 'సక్సెసివ్ స్టేజెస్' ద్వారానే, అనగా ఒకదాని వెనుక ఒకటిగా వచ్చు దశలద్వారానే, సాధ్యమగునని వివరణ చేర్చిరి. స్వయంపాలన యను మాటకు మాఱు బాధ్యతాయుత ప్రభుత్వమను మాటను ఆ ముసాయిదాలో ఇమిడ్చినవాడు కర్జన్ ప్రభువు. విశేషణములలో ఒక్కదానికిని తేదీ లేదు, పరిమాణము లేదు. ప్రతి ముందడుగునకును కాలమును, తీరును నిర్ణయించు అధికారము బ్రిటిషు ప్రభుత్వము చేతిలో నిలిచినది. 1919 నాటి భారత ప్రభుత్వ చట్టపు పీఠికలో ఈ పదజాలము తిరిగి ప్రవేశించినది. ఆ యేటి అమృతసరు కాంగ్రెసు ఆ సంస్కరణములు చాలనివనియు, అసంతృప్తికరములనియు, నిరాశాజనకములనియు తీర్మానించినది.

ఇచట ఒక న్యాయము చెప్పవలెను. ఆ చట్టములో ఒక్క కొలత యున్నది: పదేండ్లు గడచిన పిమ్మట ఒక సంఘము వచ్చి పురోగతిని పరీక్షింపవలెనని. ఆ నిబంధన మేరకే గడువునకు ముందుగ 1927లో సైమన్ సంఘమును నియమించిరి. అందులో భారతీయుడొక్కడును లేడు. 'ఇంక్రీజింగ్ అసోసియేషన్' అని వాగ్దానము చేసినవారు, ఆ వృద్ధిని కొలుచుటకు వచ్చిన సంఘములో భారతీయుల సంఖ్యను సున్నగా నుంచిరి. 1928లో మద్రాసు వీథిలో టంగుటూరి ప్రకాశము పోలీసు తుపాకులకు రొమ్ము చూపుటకు వెనుక ఈ విశేషణముల చరిత్ర యంతయు కలదు. 1929 డిసెంబరున లాహోరు కాంగ్రెసు పూర్ణస్వరాజ్యమును లక్ష్యముగా ప్రకటించెను. 'పూర్ణ' శబ్దము తరతమములకు లొంగునది కాదు.

క్రమవాదమునకు ఇంగ్లండులో గౌరవనీయమైన సంప్రదాయము లేకపోలేదు. రోమను సేనాని ఫేబియస్ పేరు పెట్టుకొని 1884లో స్థాపింపబడిన ఫేబియన్ సంఘము సామ్యవాదమును మెట్టుమెట్టుగా తేవలెనని నమ్మినది. సంస్కర్తలందఱును మోసగాండ్రని చెప్పుట అన్యాయము. అయినను ఎవరి కాలము ఖర్చగుచున్నదో వారు ఈ మాటలను వేఱుగా విందురు. ఎలిజబెత్ హేరిక్ అను ఆంగ్ల వనిత 1824లో ప్రకటించిన కరపత్రములో, బానిసత్వమును క్రమముగా గాక తక్షణమే రద్దు చేయవలెనని వాదించెను. పార్లమెంటులోని సంస్కర్తలు అప్పటికి 'గ్రాడ్యుయల్' అను మాటనే పట్టుకొనియుండిరి. అమెరికా సుప్రీముకోర్టు పాఠశాలలలో వర్ణవివక్షను తొలగించుటకు 1955లో ఇచ్చిన ఉత్తర్వులో 'ఆల్ డెలిబరేట్ స్పీడ్' అను పదబంధమును వాడినది. అందు 'స్పీడ్' అనునది త్వరపెట్టును, 'డెలిబరేట్' అనునది కళ్లెము బిగించును. దక్షిణ రాష్ట్రముల పాలకులు రెండవ మాటనే చదివి సంవత్సరములు గడపిరి. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ వాషింగ్టన్ ఉపన్యాసమున ఈ క్రమవాదమును మత్తుమందుతో పోల్చుటకు ఆ అనుభవమే మూలము.

స్వతంత్ర భారత రాజ్యాంగకర్తలు ఈ పదజాలమును విడువలేకపోయిరి. 343వ అధికరణము పదునైదేండ్లపాటు ఆంగ్లము కొనసాగవచ్చునని తేదీతో కూడిన నిబంధన చేసినది. 344వ అధికరణము హిందీయొక్క 'ప్రోగ్రెసివ్ యూజ్' ను గూర్చి సిఫారసులు చేయుటకు సంఘమును ఏర్పరుపవలెనన్నది. ఒకటి గడియారమును, ఒకటి వాలును నమ్ముకొన్నది. బి. జి. ఖేర్ అధ్యక్షతన 1955లో ఏర్పడిన సంఘము మరుసటి యేడు నివేదిక సమర్పించినప్పుడు సునీతికుమార ఛటర్జీ, పి. సుబ్బరాయన్ అను ఇరువురు సభ్యులు భిన్నాభిప్రాయము వ్రాసిరి. ఏ వేగము క్రమమైనది, ఎవరికి క్రమమైనది అనునదే వారి విప్రతిపత్తికి సారము. 1963 నాటి అధికారభాషా చట్టము గడువు దాటిన పిమ్మటను ఆంగ్లము కొనసాగవచ్చునని 'మే' అను సహాయక క్రియతో చెప్పగా, ఆ చిన్న క్రియను గూర్చి పార్లమెంటులో తీవ్రమైన చర్చ జరిగెను. 1965 జనవరిలో మద్రాసు రాష్ట్రము అల్లర్లతో అట్టుడికిపోయెను. 1967లో చట్టమును సవరించి, హిందీని అధికారభాషగా స్వీకరింపని రాష్ట్రముల శాసనసభలన్నియు తీర్మానించి, ఆ పిదప పార్లమెంటు ఉభయసభలును తీర్మానించువరకు ఆంగ్లపు వాడుక కొనసాగవలెనని నిబంధించిరి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు నేడు ఆ కోవలోనివే. అట్టి తీర్మానములన్నియు ఇంతవరకు సమకూడలేదు. 344వ అధికరణములోని 'ప్రోగ్రెసివ్' అను విశేషణమును ఎవరును తొలగించియుండలేదు.